తిట్టి బేరమాడే గట్టయ్య బావ

మా గట్టయ్య బావకు పాత లేత్ మిషన్ కనబడితే ముందు దాన్ని తిట్టాలి. తిట్టిన తర్వాతే బేరం. మామూలుగా ఆయన ఎవరినీ ఏమీ అనడు. పుచ్చు వంకాయలు అంటగట్టినవాణ్ణి అనడు, రోజంతా కరెంటు పోయినా అనడు, మా యశోదక్కను అనే ధైర్యం ఎలాగూ లేదు. అరవై దాటిన ఆ మనిషి తన లోపల ఊరిన తిట్లన్నీ కేవలం లేత్ మిషన్ల కోసమే దాచిపెట్టుకున్నాడు.

లేత్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. అది ఇనుప కడ్డీని చక్ అనే ఇనుప పిడికిట్లో బిగించి గిరగిరా తిప్పుతూ కీరదోసకు చెక్కు తీసినట్టు దాని మీద పొర తీసే మిషన్. బోరు మోటారు షాఫ్ట్ అరిగినా, రైస్ మిల్లులో ఏదైనా ఇరుసు దెబ్బతిన్నా, ట్రాక్టరు పిన్ను విరిగినా దాని దగ్గరికే రావాలి. చూడటానికి మంచమంత ఉంటుంది. బరువు మాత్రం రెండు బర్రెలు, ఒక బామ్మర్ది కలిసినంత. బామ్మర్ది లెక్క ఎందుకు వచ్చిందంటే, దాన్ని ఎత్తేటప్పుడు ఒక కొస పట్టుకునే బామ్మర్దిని నేనే.

నా పేరు మహేశ్వర్. సూర్యాపేటలో ప్లాట్లు అమ్మిస్తాను. తుమ్మకంపల మధ్య నిలబడి ఇక్కడ పార్కు వస్తుంది, అక్కడ ఈతకొలను వస్తుంది అని చెబుతుంటే వినేవాళ్ళకే కాదు, నాకు కూడా నీళ్ళ చప్పుడు వినబడుతుంది. హైటెన్షన్ తీగల కింద ఉన్న ప్లాటును కరెంటు సౌకర్యం బాగా ఉన్న ప్లాటుగా చూపించినవాణ్ణి. చెడ్డమాట నా నోట్లోంచి రాదు. వస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అలాంటి నేను, అలాంటి బావ వెంట లేత్ మిషన్ల బేరాలకు తిరగడం మా అక్క ఆలోచన.

బావ పుట్టింది తిరుమలగిరి దగ్గర, గొర్లు కాసుకునే ఇంట్లో. బస్సు డిపోలో మెకానిక్‌గా చేరి, గ్రీజులోనే తల నెరిసి రిటైరయ్యాడు. అయినా చేతులకు గొర్రెను పట్టి చూసే అలవాటు పోలేదు. గొర్రెను కొనేవాడు దాని పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు, వెన్ను మీద వేళ్ళు నొక్కి కండ చూస్తాడు. బావ లేత్‌కు గేర్ల డబ్బా మూత తీసి పళ్ళు చూస్తాడు. బెడ్ అని మిషన్‌కు వెన్నుపూస లాంటిది ఒకటి ఉంటుంది, దాని మీద అరచేయి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా రాస్తాడు. తర్వాత వెనక్కి పోయి వంగి చూస్తాడు. అక్కడ ఏం చూస్తాడో నేను ఇప్పటికీ అడగలేదు. చూడటం అయ్యాక తువ్వాల భుజం మార్చుకుని మొదలుపెడతాడు. మిషన్లను ఆయన మిషన్లు అనడు, జీవాలు అంటాడు.

మొట్టమొదటిసారి మాత్రం బావే నన్ను తోడుకు రమ్మని చివ్వెంలకు తీసుకుపోయాడు. అక్కడొకాయన తన లేత్ అమ్మకానికి పెట్టాడు. వ్యవసాయం చేసుకుంటానని నిర్ణయించుకున్నాడట. మనిషి పాపం డీలాపడి ఉన్నాడు. బావ చుట్టూ తిరిగి చూసి నోరు విప్పాడు.

"గిదేం జీవమయ్యా. పండ్లూడినయ్, నడుం వంగింది. దీన్ని తోలుకపోతె తొవ్వలనే సస్తది."

ఆయన ముఖం కందగడ్డ అయింది. చెయ్యి నేరుగా గోడ మీది స్విచ్ వైపు పోయింది. ఏం చేస్తాడో ఏమోనని నేను గబగబా అడ్డం వెళ్ళాను. మా బావ మాటలు పట్టించుకోవద్దన్నాను. మిషన్ బంగారంలా ఉందన్నాను. ఇన్నేళ్ళు దీన్ని ఇలా చూసుకున్న మీ చేతులకు దండం పెట్టాలన్నాను, నిజంగానే పెట్టాను కూడా. ఆయన చెయ్యి స్విచ్ మీది నుంచి జారిపోయింది. కళ్ళు చెమ్మగిల్లాయి. మీలాంటి మంచివాళ్ళ ఇంట్లో ఉంటే అంతే చాలని, అడిగిన ధరకు ఇచ్చేశాడు. ఆ సాయంత్రమే మిషన్ ట్రాలీ ఎక్కింది. దారంతా బావ మిషన్‌కు కట్టిన తాళ్ళు బిగిస్తూ కూర్చున్నాడు. చివరికి, "నీ నోట్లె చక్కెరున్నది బామ్మర్ది," అన్నాడు. నేను అది మెచ్చుకోలు అనుకుని ఇంటికి వెళ్ళి మా ఆవిడకు కూడా చెప్పాను.

తమ ఇంటి ముందరి గదిలో దిగిన ఆ ఇనుప చుట్టాన్ని చూసి మా అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. పక్కనే ఉండి ఎట్లా ఊరుకున్నావని అడిగింది. బావ ముసలితనంలో మిషన్ల పిచ్చిలో పడ్డాడని, మాటలు వచ్చినవాణ్ణి నేనేనని, ఇక మీద ఆయన ఎక్కడికి బేరానికి పోయినా వెంట పోయి ఆపాలని ఆనతిచ్చింది. నేను ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఒప్పుకున్నాను. ఆ చెయ్యి తీసేలోపల రెండో మిషన్ వచ్చింది.

అది మిర్యాలగూడలో యాదగిరి మిషన్. బావ మొత్తం మీద కొన్న మూడింట్లోకీ పెద్దది. రైస్ మిల్లుల వెనక వీధిలో ఆయన షెడ్డు. మిల్లులవాళ్ళు సామాన్లు ఎక్కడెక్కడి నుంచో రెడీమేడ్‌గా తెప్పించుకుంటుంటే పని తగ్గి, విసిగి, ఒక ఫంక్షన్ హాల్లో పార్కింగ్ చూసుకునే ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. మనిషి తాటిచెట్టంత ఉంటాడు. అక్కకు ఇచ్చిన మాట ప్రకారం బేరం చెడగొట్టాలనే వెళ్ళాను. బావ అటూ ఇటూ చూసి, దీని మీద ఇనుము కాదు, బెండకాయ కూడా తెగదు అనేశాడు. యాదగిరి లేచి నిలబడ్డాడు. మూలకు పోయి ఒక ఇనుప కడ్డీ తీసుకున్నాడు. కడ్డీతో మా వైపే వచ్చాడు.

నాకు ప్రాణాలు పోయాయి. అక్క పసుపు కుంకుమలు గుర్తొచ్చాయి. ఆయన రెండు చేతులూ పట్టుకుని నాకు వచ్చిన పొగడ్తలన్నీ పొగిడాను. ఈ మిషన్ మిర్యాలగూడకే అలంకారమని, దీన్ని చూడటానికి జనం బస్సులు కట్టించుకుని రావాలని అన్నాను. ప్లాట్లకు వాడే మాటలు కూడా కొన్ని దొర్లాయి, తూర్పు ముఖం అన్నట్టు గుర్తు. యాదగిరి మెల్లగా కడ్డీ కింద పెట్టి, "అన్నా, గిసుంటి మాట నా మిషన్‌ను ఇంతదాంక ఎవ్వలు అనలే. మీరే తీస్కపోండ్రి," అన్నాడు. బావ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. బావ ప్రాణం కాపాడినందుకు నాకు నేనే లోపల శాలువా కప్పుకున్నాను. తర్వాత ఆ మిషన్ కింద పైపులు పెట్టి దొర్లిస్తుంటే కాలి బొటనవేలు చితికి నెల రోజులు కుంటుతూ తిరిగాను.

మూడోది త్రిపురారం దగ్గరి తండాలో ఫూల్‌సింగ్‌ది. ట్రాక్టర్లు బాగుచేసేవాడు, నడుం నొప్పి వచ్చి వదిలేద్దామనుకున్నాడు. ఈసారి బావ నాకు చెప్పకుండా వెళ్ళాడు. అక్క పసిగట్టి నన్ను బస్సెక్కించింది. సరిగ్గా తిట్లు మంచి పట్టులో ఉన్నప్పుడు చేరుకున్నాను. మిగతాది మీకు తెలిసిందే.

విచిత్రం ఏమిటంటే, నేను జ్వరంతో పడుకున్నప్పుడో, ప్లాటు చూపించే పనిలో ఉన్నప్పుడో బావ ఒక్కడే వెళ్ళిన బేరాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ కుదరలేదు. ఉత్త చేతులతో, ఈల వేసుకుంటూ వచ్చేవాడు. ఎంత గొప్ప సరుకైనా బేరం ముగించే మనిషి లేకపోతే లాభం లేదని నేను అందరికీ వివరించాను. అక్క నా ముఖం వైపు కాసేపు చూసి, అంటే నువ్వు పోయినప్పుడే వస్తున్నాయన్నమాట అంది. నేను వినయంగా తల వంచుకున్నాను.

అలా ముందరి గది నిండిపోయింది. చుట్టాలు వస్తే మిషన్ల మధ్య సందులో పక్కకు తిరిగి లోపలికి రావాలి. లావుపాటి చుట్టాలు గుమ్మంలోనే యోగక్షేమాలు అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. వానాకాలంలో తుప్పు పట్టకుండా బావ వాటికి గొంగళ్ళు కప్పేవాడు. ఆదివారం ఆదివారం నూనె పోసేవాడు, దాన్ని నీళ్ళు తాపడం అనేవాడు. చేతికి బుద్ధి పుడితే వాటి వెన్ను నిమిరేవాడు. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయలేదు. మిషన్ నడపలేదు. నా బండికి చిన్న బుష్ అరిగిపోయింది, ఇంట్లో మూడు లేత్‌లు ఉన్నాయి కదా, చేసిపెట్టమంటే, "పరాయి జీవాల పాలు పిండుతరా?" అని నన్నే గదమాయించాడు. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చారు, కొత్తగా షాపు పెట్టుకునే కుర్రాళ్ళు వచ్చారు. ఎవరికీ ఇవ్వలేదు. నడపడు, అమ్మడు, తిట్టి తిట్టి తెస్తాడు. ఇదేం వ్యాపారమో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని పిచ్చి అనుకోవడం తేలిక గనుక అలాగే అనుకున్నాను.

ఈ వేడుక ఇలాగే సాగిపోయేదేమో కానీ మధ్యలో మా మేనకోడలు సరిత సంగతి వచ్చింది. సరిత అక్కాబావలకు ఒక్కతే బిడ్డ. రక్తపరీక్షలు చేసే చదువు చదివి, వేరేవాళ్ళ ల్యాబుల్లో పనిచేసి చేయి తిరిగిన పిల్ల. సొంతంగా ల్యాబ్ పెట్టుకోవాలని దాని కోరిక. వాళ్ళ ముందరి గదికి రోడ్డు వైపు తలుపు ఉంది, ఆ చుట్టుపక్కల ఎక్కడా ల్యాబ్ లేదు. సామాన్లకు మాట్లాడుకుంది, బోర్డు రాయించింది, శ్రావణంలో ముహూర్తం పెట్టించింది. గది ఒక్కటే తక్కువ. గది దొరక్కపోతే హైదరాబాదులో ఒక పెద్ద ల్యాబ్‌వాళ్ళు రమ్మంటున్నారు, అక్కడికి వెళ్ళిపోవాలి. ఆ పిల్ల తండ్రిని ఒక్క మాట అనలేదు. నాతో మాత్రం, "మామా, రక్తం తీసేటప్పుడు మనుషులను మిషన్ మీద పండబెట్టి చక్‌ల బిగిద్దామా?" అని నవ్వింది.

అక్క నవ్వలేదు. "తమ్మీ, ఇంకొక్క జీవం గీ ఇంట్లకు వచ్చిందా, బిడ్డ పట్నం పోతది. నువ్వేం జేస్తవో నాకు తెల్వదు," అంది. బావ ఆ మాట విన్నాడు. తువ్వాల దులుపుకుని బయటికి వెళ్ళాడు. తెల్లారి చూస్తే ఆయన చెప్పులు లేవు. కోదాడలో సత్యానందం అనే ఆయన లేత్ అమ్ముతున్నాడని కబురు వచ్చిందట. బస్టాండుకు పరుగెత్తి, కదులుతున్న బస్సు పట్టుకుని, ఆయన పక్కనే కూలబడ్డాను. నన్ను చూసి బావ దీర్ఘంగా నిట్టూర్చాడు.

దారి పొడవునా నేను పథకం వేసుకున్నాను. బేరం ఎలాగైనా చెడాలి. మిషన్‌ను ఆకాశానికెత్తితే ఓనరు ధర పెంచుతాడు, ధర పెరిగితే బావ పింఛను చాలదు, ఉత్త చేతులతో తిరిగి వస్తాం. ఇంత తెలివి నాకు ముందే ఎందుకు రాలేదా అని నా మీద నాకే జాలి వేసింది.

సత్యానందం వర్క్‌షాపు వాళ్ళ నాన్న పెట్టినది. ఆయనకు టోల్‌గేటు దగ్గర కాపలా పని దొరికింది, ఒకటో తారీఖు నుంచి చేరాలి. మిషన్ మీద పాత ఫ్లెక్సీ కప్పి ఉంది. అది తీసేటప్పుడు కూడా ఆయన మిషన్ వైపు చూడలేదు, గోడ వైపు చూశాడు. "చూసుకోండి. ఉన్నదున్నట్టు ఇచ్చేస్తానండి. తొందరగా తేల్చేస్తే నాకూ ఒక పని అయిపోతుంది," అన్నాడు. బావ పళ్ళు చూశాడు, వెన్ను నిమిరాడు, వెనక్కి పోయి వంగాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"బామ్మర్దీ," అన్నాడు బావ, "జర నిమ్మకాయ సోడా తేపో. గీడ దొరికేది మంచిగుండదు. బస్టాండ్ కాడ తే."

పెద్దమనిషి దాహం అడిగితే కాదనలేం. ఎండలో నడుచుకుంటూ బస్టాండు దాకా వెళ్ళాను. మా కోడలి భవిష్యత్తు అక్కడ ఆవిరైపోతుంటే నేను ఇక్కడ సోడాలో ఉప్పు సరిపోయిందా అని చూస్తున్నానని నాకు ఏడుపొచ్చింది. రెండు సీసాలు చేతిలో పట్టుకుని తిరిగి వస్తుంటే వీధి మొదట్లోనే మోటారు శబ్దం వినబడింది.

లోపల లేత్ తిరుగుతోంది. సత్యానందం చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాడు. కడ్డీ మీది నుంచి ఇనుప చుట్టలు మెరుస్తూ ఊడిపడుతున్నాయి. ఆ శబ్దానికి పైన ఆయన గొంతు వినబడుతోంది. "రండి, చెయ్యి పెట్టి చూడండి. ఎక్కడన్నా గరుకు తగుల్తుందా? మా నాన్నగారు పోయేముందు రోజు కూడా దీని మీదే పనిచేశారు. మీరు బెడ్డు వంగిందంటారా?"

బావ మిషన్ ఆపించి, కడ్డీ మీద వేలు పెట్టి రాసి, పెదవి విరిచాడు. "నాకైతె గరుకే తాకుతున్నదయ్యా. మీ నాయిన గూడ గిట్లనే కోసేటోడా?"

సత్యానందం బావ చేతిని కడ్డీ మీది నుంచి తీసి పక్కకు పెట్టాడు. తర్వాత చాలా మర్యాదగా, "నేనిది మీకు అమ్మనండి. అసలెవరికీ అమ్మను. మీరు దయచేయండి," అన్నాడు. మేం మెట్లు దిగుతుంటే వెనక మళ్ళీ మోటారు మొదలైంది. ఈసారి మాకు చూపించడానికి కాదు, ఆయన కోసమే.

తిరుగు బస్సులో బావ రెండు సోడాలూ తనే తాగాడు. ముఖం వెలిగిపోతోంది. బేరం చెడినందుకు నేనూ సంతోషంగానే ఉన్నాను. కానీ చెడగొట్టింది నేను కాదే అని కొంచెం వెలితిగా ఉంది. మిషన్ దొరకలేదు కదా, ఇంత ఆనందమేమిటని అడిగాను.

"దొరకద్దనే పొయ్యిన," అన్నాడు బావ.

నాకు అర్థం కాలేదని ముఖం చూసి గ్రహించి, మెల్లగా చెప్పాడు. కరువు కాలంలో వాళ్ళ నాన్న ఒక పని చేసేవాడట. ఎవరైనా మనసు విరిగి మందనంతా అమ్మేసుకుంటానంటే, కొంటానని వెళ్ళి ఒక్కొక్క గొర్రెకూ వంకలు పెట్టి తిట్టేవాడట. "మస్తుమందికి కోపమొచ్చేది. నీకేం ఎరుక నా జీవాల సంగతని మందను మలుపుకొని ఇంటికి పొయ్యేటోళ్ళు. ఎంత తిట్టినా కోపం రానోడు ఉంటడు సూడు, గప్పుడు గొర్లను కొనుక్కొచ్చేటోడు మా నాయిన. ఆడికి ఇగ వాటితోని పని లేదన్నట్టు."

నేను సీటులో కొంచెం కిందికి జారాను. బావ ఆగలేదు. చివ్వెంల ఆయన స్విచ్ వేసి మిషన్ నడిపి చూపబోయాడని, యాదగిరి కడ్డీ తెచ్చింది చక్‌లో బిగించడానికని, ఇద్దరూ ఇంకొక్క నిమిషమైతే మమ్మల్ని మెడపట్టి గెంటేవాళ్ళేనని అన్నాడు. "గాళ్ళకు కోపం గిట్ల పొంగంగనే నువ్వు నడిమిట్ల దూరి చక్కెర వోస్తివి. సల్లగ నవ్వుకుంట అమ్మేసిరి. నేను కొనకుంటె పాతినుపోళ్ళు సమ్మెటతోని పలగ్గొడుదురు. అందుకే తెస్తి."

మరి ముందే నాకు చెప్పవచ్చు కదా అన్నాను. చెబితే నేను సూర్యాపేటంతా చెబుతానట. పోనీ నన్ను రావద్దని అనవచ్చు కదా అన్నాను. అంటే అక్కకు అనుమానం వస్తుందట. ఇన్నాళ్ళూ మిషన్లను ఆపడానికి అక్క పంపిన మనిషిని నేను, ఆ గదిలోకి మిషన్లను ఒక్కొక్కటే పొగిడి పొగిడి తెచ్చిపెట్టిందీ నేనే. కోడలి ల్యాబ్‌కు అడ్డంగా నిలబడింది బావ పిచ్చి కాదు, నా మంచి నోరు. సిగ్గు వేసింది, అంతకు మించి బావ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. చెయ్యి పట్టుకోబోతే ఖాళీ సోడా సీసా నా చేతిలో పెట్టాడు.

ఇక మిగిలింది గది ఖాళీ చేయడం. ఎవరి జీవాలు వాళ్ళకు తిరిగి ఇచ్చేయాలన్నాడు బావ. డబ్బు సంగతి అడిగితే, మేపుకోవడానికి పాలుకు, అంటే వాటాకు, ఇచ్చాననుకొమ్మన్నాడు, ఈనినప్పుడు పంచుకుందామన్నాడు. అయితే ఊరికే ఇస్తే దానం అనుకుని తీసుకోరట. కోపం వస్తేనే తీసుకుంటారట. సరే, నువ్వే తిట్టి ఇచ్చిరా అన్నాను.

"నేను తిడితె వాళ్ళకు కొత్తేమున్నది? పొగిడిన నోరు తిడితెనే మండుతది. నువ్వే వోవాలె," అన్నాడు.

నేను ఇంట్లో అద్దం ముందు సాధన చేశాను. మా ఆవిడ తననే అంటున్నానని పొరబడింది. చివ్వెంల ఆయన దగ్గర నా తిట్టు ఏమంత పండలేదు కానీ, నేను తడబడుతుండగానే లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, ఈ మనిషి మిషన్ పోయినప్పటి నుంచి ఇంట్లో ప్రతి మూతా విప్పి బిగిస్తున్నాడు, దించి పొండి అంది. త్రిపురారంలో ఫూల్‌సింగ్ నడుం నొప్పి తగ్గి, వానాకాలం పనులకు ట్రాక్టర్లు తలుపు తడుతుంటే, మిషన్‌ను తిరిగి అడగడానికి మొహమాటపడుతున్నాడట. నేను తిట్టు మొదలుపెట్టకముందే తాడు విప్పేశాడు. ఈ పని ఇంత సులువా అనుకున్నాను.

యాదగిరి మిషన్ చివరికి మిగిలింది. ట్రాలీవాడు ముందు దొరకలేదు, దొరికినప్పుడు వాన పట్టుకుంది. చివరికి మిషన్ బయల్దేరింది ముహూర్తానికి ముందురోజు. సరిత సామాన్లు వరండాలో అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది.

యాదగిరి ఫంక్షన్ హాల్ ముందు మెడలో విజిల్‌తో కార్లను మలుపుతున్నాడు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. కుర్చీ వేశాడు, టీ చెప్పాడు. నేను నేర్చుకున్నది అప్పజెప్పాను. ఈ మిషన్ ఏమంత గొప్పది కాదన్నాను. కొంచెం పాతదన్నాను. కాకపోతే కళ ఉంది అని నోరు జారాను. ఆయన నవ్వుతూ, "అన్నా, మీరు దాని విలువ దెల్సినోళ్ళు. మీ కాడనే ఉండనీండ్రి. నాకేంది, గీడ మంచిగనే ఉన్న," అన్నాడు. అంటూనే ట్రాలీ వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. ఎన్ని రకాలుగా చెప్పినా అదే మాట. పైగా ఇంకో టీ చెప్పాడు. ట్రాలీ డ్రైవరు దించుతారా, మళ్ళీ సూర్యాపేటకు తిప్పాలా అని హారన్ కొట్టాడు.

అప్పుడే అక్క ఫోన్. గది కడిగేశామని, ముగ్గు వేశామని, సరిత గోడకు మేకులు కొడుతోందని, ఆ పెద్ద ముండాకొడుకును మాత్రం మళ్ళీ తెచ్చావంటే నిన్నూ దాన్నీ కలిపి రోడ్డు మీదే ఉంచుతానని చెప్పి పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మీద కాదు, నా మెత్తటి నోటి మీద. లేచి నిలబడ్డాను. ఆ రోజు చెప్పిందంతా అబద్ధమన్నాను. నేను ప్లాట్లు అమ్ముకునేవాణ్ణని, ముళ్ళకంపను కూడా అలాగే పొగుడుతానని చెప్పాను. "మీ మిషన్ మా ఇంట్లో ఒకే ఒక్క పనికి వచ్చింది. మా అక్క దాని మీద పండుమిరపకాయలు ఎండబెట్టుకుంది. నిజం చెప్పాలంటే దానికీ సరిగ్గా పనికిరాలేదు, సగం బూజు పట్టాయి," అన్నాను.

యాదగిరి టీ గ్లాసు కింద పెట్టాడు. ట్రాలీ దగ్గరికి నడిచి, గొంగడి పక్కకు తొలగించి, బెడ్ సందులో వేలు పెట్టి తీశాడు. వేలికి రెండు మిరప గింజలు అంటుకుని వచ్చాయి.

"మిరపకాయలా? నా మిషన్ మీదనా?" అన్నాడు.

ఆ గొంతుకు పార్కింగ్‌లో కార్లన్నీ ఆగిపోయాయి. నన్ను, మా అక్కను, మా ఇంటి వంటను కలిపి తిట్టాడు. మెడలోంచి విజిల్ తీసి పక్కవాడి చేతిలో పెట్టాడు. డ్రైవరుకు షెడ్డు తోవ చెప్పి, ట్రాలీ వెనక ఎక్కి, మిషన్ వెన్ను మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. సాయం పడదామని నేనూ కాలు పెట్టబోతే, ముట్టుకుంటే బాగుండదని హెచ్చరించాడు. నాకు ట్రాలీలో చోటివ్వలేదు. రెండోసారి చెప్పిన టీ కూడా డ్రైవరుకు ఇప్పించాడు.

బస్టాండు దాకా నడిచి, సూర్యాపేట బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి ఇంటికి వచ్చాను. నేను ఇన్నేళ్ళలో కుదిర్చిన బేరాలన్నింటిలో అంత బాగా కుదిరింది అదొక్కటే.